నాయన ఏరివేసిన ఫైళ్ళు

మా నాయన ముప్పయ్యారేళ్ళు చిత్తూరులో ఒక సర్కారు ఆఫీసు రికార్డు గది చూసుకున్నాడు. అన్నేళ్ళలో తన చేతి కింద ఒక్క కాగితం కూడా పోలేదన్నది ఆయన చెప్పుకునే గొప్ప. ఇంటికొచ్చిన చుట్టం కాళ్ళు కడుక్కుని మంచినీళ్ళు తాగేలోపు ఆ మాట వచ్చేసేది. అలాంటి మనిషి రిటైరై, అమ్మతో కలిసి తిరుపతిలో నేనుంటున్న అద్దె ఇంటికి వచ్చిన రెండో ఏట, నేను ఊళ్ళో లేని నాలుగు రోజుల్లో నా కంప్యూటరులోంచి రెండు వందల పదమూడు ఫైళ్ళు తీసి పారేశాడు. అవి నావి కూడా కావు. కంప్యూటరు తను నడవడానికి పెట్టుకున్న విండోస్ సొంత సామాను.

అది రెండు వేల రెండు ఎండాకాలం. నేనప్పుడు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాను. శ్రీకాళహస్తిలో కలంకారీ బొమ్మలు వేసేవాళ్ళు పనిలో వాడే మాటలు నా విషయం. గుడ్డను కరక్కాయ నీళ్ళలో ముంచేటప్పుడు ఏమంటారు, తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నలుపు సరిగ్గా కుదిరితే ఏమంటారు, కుదరకపోతే ఎవరిని తిడతారు, ఇలాంటివన్నీ ఏరుకొచ్చి రాస్తున్నాను. ఐదేళ్ళలో ముగించాల్సింది ఏడేళ్ళు పట్టింది. గడువు రెండుసార్లు పొడిగించారు. మా గైడు గారు మెత్తటి మనిషి. ఆయన కూడా “ఇంకోసారి అడగడానికి నాకు మొహం చెల్లదమ్మా” అనేశారు. జూన్ నెలాఖరులోగా అచ్చు ప్రతులు ఆఫీసులో ఇవ్వకపోతే నా పేరు కొట్టేస్తారు. ఏడేళ్ళూ గంగలో కలిసినట్టే. ఐదు అధ్యాయాలు టైపు చేసి కంప్యూటరులో పెట్టుకున్నాను, ఆరోది సగంలో ఉంది.

ఇప్పటివాళ్ళకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇప్పుడు ఏ ఫోనులో టైపు చేసినా తెలుగు తెలుగుగానే కనిపిస్తుంది. అప్పుడలా కాదు. కంప్యూటరుకు తెలుగు అక్షరాలు అమ్మేవాళ్ళు నాలుగైదు రకాలవాళ్ళు ఉండేవాళ్ళు. ఒకరి అక్షరాలు ఇంకొకరి దగ్గర తెరుచుకునేవి కావు. తెరిస్తే కరక్కాయ అని ఉండాల్సిన చోట ఒక డాలరు గుర్తు, రెండు చుక్కలు, తలకిందులుగా వేలాడే ప్రశ్నార్థకం కనిపించేవి. నేను వాడే తెలుగు మద్రాసులో ఒక చిన్న దుకాణం వాళ్ళు తయారు చేసింది. దాన్ని ఫ్లాపీ అనే చిన్న చదరపు డిస్కు నుంచి ఒక్కసారి మాత్రమే ఎక్కించుకోవచ్చు. ఎక్కించాక ఆ ఫ్లాపీ ఎందుకూ పనికిరాదు. ఆ దుకాణం వాళ్ళు మూసేసి అప్పటికే ఏడాది. అంటే నా పరిశోధన ఆ ఒక్క కంప్యూటరులోనే తెలుగు. బయటికి తీస్తే అది ఏ భాషా కాదు.

జూన్ మొదటి వారంలో చివరి అధ్యాయం కోసం శ్రీకాళహస్తికి పోయి నాలుగు రోజులుండి తిరిగొచ్చాను. చెప్పులు విడవకముందే నాయన ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“పాపా, నీ మిషన్లో యెంత జాగా మిగిలిచ్చినానో సూడు” అన్నాడు.

స్విచ్చి వేశాను. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు వాక్యం ఒకటి వచ్చింది. ఫలానా ఫైలు కనిపించడం లేదు, లేదా చెడిపోయింది, ఏదైనా ఒక కీ నొక్కండి అని దాని సారాంశం. నొక్కాను. ఇంకో ఫైలు కనిపించడం లేదంది. మళ్ళీ నొక్కాను. ఇంకొకటి. పదకొండోసారి నొక్కాక ఇక చెప్పే ఓపిక కూడా లేనట్టు అలాగే ఆగిపోయింది.

నాయన నా వెనక నిలబడి తెర వైపు వంగి చూశాడు. “నేను ఆపినప్పుడు ఇట్లా అడగలేదే” అన్నాడు.

“నాయనా, ఏం తీసేసినావు?”

“నీవి ముట్టుకోలా. పాత రికార్డు ఏరేసినా.”

ఆయన ఇచ్చిన వివరణ నాకిప్పటికీ మాటమాటా గుర్తుంది, ఎందుకంటే అందులో తప్పు పట్టడానికి చోటు లేదు. రికార్డు గదిలో ప్రతి ఫైలుకూ ఒక ఆయుష్షు ఉంటుందట. కొన్ని ఏడాది ఉంచాలి, కొన్ని మూడేళ్ళు, కొన్ని పదేళ్ళు, కొన్ని ఎప్పటికీ. ఆయుష్షు తీరినవాటిని ఏటా ఏరి తగలబెట్టాలి, లేకపోతే గదిలో కాలు పెట్టే చోటుండదు. ఆ లెక్కన ఆయన నా కంప్యూటరును తనిఖీ చేశాడు. మౌసు పట్టుకోవడం, ఫోల్డరు తెరవడం నేనే నేర్పాను. నా అధ్యాయాల జోలికి పోలేదు, అవి నడుస్తున్న ఫైళ్ళు. నేరుగా విండోస్ అని పేరున్న ఫోల్డరులోకి పోయాడు. ఇందులో చేయి పెడితే ప్రోగ్రాములు ఆగిపోవచ్చు అని అది హెచ్చరించింది. చదివాడు, లోపలికి పోయాడు.

“మా రికార్డు గది తలుపు మిందగూడా బోర్డుండె పాపా, అనుమతి లేంది రాగూడదని. అది బయటోళ్ళకు. తాళంచెవి ఉండేవోనికి గాదు.”

లోపల చూస్తే వేల ఫైళ్ళు. చాలావాటికి ఒకే తేదీ. తేదీ ఒక్కటే కాదు, గంటా నిమిషం కూడా ఒకటే, అదీ రాత్రి పది దాటాక. ఇక్కడ నాయనకు అసలు అనుమానం పుట్టింది. ఇన్ని ఫైళ్ళు ఒకే నిమిషంలో, ఆఫీసు మూశాక, ఎలా పుడతాయి? ఎవడో గుమాస్తా తనిఖీకి ముందు రోజు కూర్చుని ఒక్క ఊపున రాసి పెట్టిన దొంగ రికార్డు ఇది. అలాంటివి ఆయన ఉద్యోగంలో బోలెడు చూశాడు. పైగా మూడేళ్ళుగా వాటిలో ఎవరూ ఒక్క ముక్క కొత్తగా రాయలేదు. కాబట్టి ఆయుష్షు తీరింది.

అలాగని గుడ్డిగా ఏం పోలేదు. కొన్నిటిని తీయబోతే, ఇది వాడుకలో ఉంది, తీయడానికి వీల్లేదు అని కంప్యూటరే అడ్డం పడిందట. వాటిని మర్యాదగా వదిలేశాడు.

“వాడకంలో ఉండేవి అదే సెప్పింది గదా. అది కిమ్మనకుండా ఊరుకున్నేవే తీసినా. రూలు ప్రకారమే.”

రూలు ప్రకారమే చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. ఏరిన రికార్డును అట్టిపెట్టకూడదట, ఎవడన్నా పొట్లాల కాగితాలకు అమ్ముకుంటాడని.

నేనప్పుడు అన్న మాటలన్నీ ఇక్కడ రాయను. నాకు కోపం ముందు, తెలివి తరవాత వస్తాయని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కటి మాత్రం రాస్తాను. “ముప్పయ్యారేళ్ళు ఊళ్ళోవాళ్ళవి తగలబెట్టింది సాలక నా ఏడేళ్ళూ తగలబెట్టినావా?” అన్నాను. నాయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. అమ్మ వంటింట్లోంచి, “నా పోపుల డబ్బా జోలికి రాలా, నేను బతికిపోతి” అంది. ఎవరూ నవ్వలేదు.

కంప్యూటరు మాకు అమ్మిన ఆయన చిత్తూరులో నాయన ఆఫీసుకు ఎదురుగా దుకాణం పెట్టుకున్న మనిషి. విడిభాగాలు తెచ్చి, తనే బిగించి, విండోస్ ఎక్కించి ఇచ్చేవాడు. ఆ విండోస్ ఉన్న సీడీ మాత్రం ఇచ్చేవాడు కాదు. అడిగితే, “మీకెందుకు మేడమ్, నేనుండానుగా” అనేవాడు. ఫోన్ చేస్తే మర్నాడు తిరుపతిలో వేరే పనుండి వచ్చి, మా ఇంటికి కూడా వచ్చాడు. నల్లటి తెరను రెండు నిమిషాలు చూసి, ఏం జరిగిందో విని, మొదట కడుపుబ్బ నవ్వాడు. తరవాత నా మొహం చూసి ఆపాడు.

“ఫార్మాట్ కొట్టల్ల మేడమ్. అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించల్ల.”

అప్పట్లో కంప్యూటరుకు ఏ రోగమొచ్చినా ఆ ఊళ్ళో ఒకటే మందు, ఫార్మాట్. జలుబుకూ అదే, జ్వరానికీ అదే.

“అంతా తుడిస్తే నా తెలుగు పోతుంది గదా. తుడవకుండా, మాకు ఎక్కించిన సీడీ పెట్టి పోయిన ఫైళ్ళు మాత్రం మళ్ళీ తెచ్చుకోలేమా?”

“తెచ్చుకోవచ్చు మేడమ్. ఆ సీడీ ఉంటే.”

“యాడుండాది?”

ఆయన కాస్త నేల చూపులు చూశాడు. ఆ సీడీ ఒక్కటే ఉండేదట. దానితోనే జిల్లాలో సగం కంప్యూటర్లకు ఎక్కించాడట. అరిగి, గీతలు పడి, కిందటేడు పూర్తిగా చదవడం మానేసింది. ఇప్పుడు ఆయన దగ్గరున్నది కొత్త వెర్షను సీడీ. దాని మీద నా మద్రాసు తెలుగు నడవదు. ఊళ్ళో ఇంకెవరి దగ్గరన్నా పాతది దొరుకుతుందా అంటే, దొరికినా అది ఇదే రకమో కాదో చెప్పలేనన్నాడు. నేను మంచం మీద కూలబడ్డాను. జూన్ నెలాఖరుకు ఇంకా ఇరవై రోజులు కూడా లేవు. 

అంతసేపూ గుమ్మం దగ్గర నిలబడ్డ నాయన అప్పుడు నోరు విప్పాడు. నాతో కాదు, దుకాణం ఆయనతో. అదీ మందలించే గొంతుతో.

“అంతా తుడిచేస్తానంటావేమప్పా? లిస్టు లేకుండా తుడుస్తారా యాడన్నా?”

“లిస్టు యాడుంటుంది సార్?”

“ఎందుకుండదు? లిస్టు రాయకుండా నేను కాగితం ముక్క తీయను.”

లోపలికి పోయి ఒక పొడుగాటి రిజిస్టరు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఎర్ర గుడ్డ వీపుతో కుట్టిన రిజిస్టరు. స్కేలు పెట్టి గీసిన గడులు. వరస నంబరు, ఫైలు పేరు, చుక్క తరవాత వచ్చే మూడు అక్షరాలు, ఏ ఫోల్డరులో ఉండేది, తేదీ, టైము, సైజు బైట్లతో సహా. రెండు వందల పదమూడు. అన్నీ పెద్ద బడి ఇంగ్లీషు అక్షరాల్లో, ముత్యాల్లాగా. నేను కాళహస్తిలో కరక్కాయలు వాసన చూస్తున్న నాలుగు రోజులూ ఆయన కూర్చుని చేసింది ఇది. తీయడానికి పట్టింది అరగంట, రాయడానికి పట్టింది మూడున్నర రోజులు.

దుకాణం ఆయన పేజీలు తిప్పాడు. నవ్వు పూర్తిగా పోయింది. “సార్, పోయినియ్యన్నీ దీంట్లో ఉండాయా? ఒకటి గూడా వదల్లేదే?” అన్నాడు.

“వదిలితే అది లిస్టా?” అన్నాడు నాయన.

అప్పుడు దుకాణం ఆయన చెప్పాడు. ఏం పోయిందో తెలియనప్పుడే ఫార్మాట్ అవసరం. తెలిస్తే ఆ పోయినవి మాత్రం తెచ్చి వాటి చోట్లో పెట్టుకోవచ్చు, అదే సీడీతో అదే రకంగా ఎక్కించిన ఇంకో కంప్యూటరు ఉంటే. అలాంటిది ఒకటి ఉంది. మాకిచ్చిన వారంలోనే పలమనేరులో ఒక పాల సేకరణ కేంద్రానికి ఇచ్చాడు. వాళ్ళు పాల లెక్కలు తప్ప ఇంకేమీ ముట్టుకోరు. అక్కడినుంచి ఫ్లాపీల్లోకి దించుకురమ్మన్నాడు. విండోస్ లేకపోయినా కంప్యూటరును కాస్త కదిలించే ఫ్లాపీ ఒకటి ఇచ్చి, తెచ్చినవాటిని ఎలా ఎక్కించాలో ఒక కాగితం మీద రాసిపెట్టి పోయాడు.

మర్నాడు పొద్దున్నే రెండు డబ్బాల ఫ్లాపీలు, రిజిస్టరు, పెరుగన్నం కట్టుకుని నాయనా నేనూ బస్సెక్కాము. నేను ఆయనతో మాట్లాడటం లేదు. చిత్తూరు బస్టాండులో కిందికి దిగిపోయి వేరుశనగల పొట్లం తెచ్చి, “చెనిక్కాయలు తినుమ్మా” అన్నాడు. తిన్నాను గానీ మాట్లాడలేదు. మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు చల్లగాలి తగిలి ఆయన కునికిపాట్లు పడ్డాడు. నిద్రలో కూడా రిజిస్టరు రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు. కోపంలో ఉన్నాను కాబట్టి ముచ్చటేసినా బయటికి కనపడనివ్వలేదు.

పాల కేంద్రం మేనేజరు నలభై ఏళ్ళ మనిషి, మాటకు మాట అందించే రకం. దుకాణం ఆయన ముందే ఫోన్ చేసి అంతా చెప్పాడు. అంతా అంటే అంతా. మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి, వేడి పాలు ఇచ్చి, చేతులు కట్టుకుని అన్నాడు.

“పొద్దటి పాలు అయిపోయినాయి మేడమ్. సాయంత్రం పాలు వచ్చేదాకా మిషను మీదే. ఒక్క షరతు. పెద్దాయన మౌసు ముట్టుకోగూడదు.”

“ముట్టుకోనప్పా” అన్నాడు నాయన, బడిపిల్లాడిలాగా.

పని మొదలైంది. నాయన కుర్చీ నాకు రెండడుగుల వెనక వేసుకుని రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని పేరు చదివేవాడు, అక్షరం అక్షరం. నేను వెతికి, సైజు చెప్పేదాన్ని. ఆయన గడిలో చూసి “సరి” అంటేనే ఫ్లాపీలోకి దించాలి. పొద్దున పాలు పోసి ఇంటికి పోకుండా మాటల్లో పడిన ముగ్గురు రైతులు కిటికీ దగ్గర చేరారు.

“ఏంది సార్ ఇది, ఓటర్ల లిస్టా?” అన్నాడు ఒకాయన.

“కాదప్పా. ఈయన సంపేసినోళ్ళ లిస్టు. ఈయమ్మి బతికిస్తా ఉండాది” అన్నాడు మేనేజరు.

నాయన చదవడం ఆపలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

నూటపద్దెనిమిదో ఫైలు దగ్గర ఆయన “సరి” అనలేదు. “సైజు తప్పింది. ఇది మనది గాదు” అన్నాడు. పేరు అదే కదా నాయనా, నాలుగు బైట్లు అటూ ఇటూ అయితే ఏమి, అన్నాను. సైజులు చెప్పడం కాకుండా ఆ రోజు ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

“పేరొకటే అయితే మనిసొకడే అవుతాడా? వద్దు, దించద్దు.”

మేనేజరు వచ్చి చూసి తల గోక్కున్నాడు. కొత్త ప్రింటరు బిగించిన మెకానిక్కు ఏదో ఫైలు మార్చాడనీ, పాతది ఇంకో పేరున్న ఫోల్డరులో దాచి పోయాడనీ గుర్తు చేసుకున్నాడు. వెతికితే దొరికింది. సైజు బైటు బైటుకూ కుదిరింది.

నాయన సంతోషం పట్టలేక, “మంచి పని చేసినాడప్పా ఆ మెకానిక్కు. పాతదని ఎప్పుడూ తీసెయ్యగూడదు” అన్నాడు.

మేనేజరు నన్ను చూశాడు, నేను మేనేజరును చూశాను, కిటికీ దగ్గరి ముగ్గురూ నాయనను చూశారు. ఆయనకు తను ఏమన్నాడో అప్పుడు తెలిసింది. ముందు మేనేజరు పకపకా నవ్వాడు, తరవాత నేను నవ్వాను. రెండు రోజుల కోపం ఆ నవ్వుతో చాలావరకు పోయింది. సాయంత్రం మొదటి పాల క్యాను దిగేలోపు పధ్నాలుగు ఫ్లాపీల్లో రెండు వందల పదమూడు ఫైళ్ళూ దిగాయి.

మర్నాడు తిరుపతిలో ఎక్కించడం మొదలుపెట్టాను. ఎనిమిది ఫ్లాపీలు బుద్ధిగా ఎక్కాయి. తొమ్మిదోది పెడితే గరగరమని, దీన్ని చదవలేకపోతున్నాను, మళ్ళీ ప్రయత్నించనా, వదిలేయనా అంది. మళ్ళీ ప్రయత్నించమన్నాను. మళ్ళీ గరగర. బయటికి తీసి ఊది, చీర కొంగుతో తుడిచి, ఆ పై ముప్పై సార్లు ప్రయత్నించమన్నాను. కుదరలేదు. దాంట్లో పదహారు ఫైళ్ళు. మిగతావన్నీ ఎక్కించి చూశాను. నల్ల తెర వచ్చి, ఆ పదహారింటిలో మొదటిదాని పేరే అడిగింది.

నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ పలమనేరా అనుకుంటూ తల పట్టుకున్నాను. అమ్మ కాఫీ తెచ్చేలోపు నాయన చొక్కా వేసుకుని, ఆ పదహారు పేర్లున్న పేజీకి అగరవత్తి పుల్ల గుర్తు పెట్టుకుని, గుమ్మం దాటాడు.

సాయంత్రం ఏడింటికి వచ్చాడు. చొక్కా గుండీలు విప్పి, బనియను మీద కాగితంలో చుట్టి పెట్టుకున్న ఫ్లాపీలు తీశాడు. ఒకటి కాదు, మూడు. మూడింటిలోనూ అవే పదహారు ఫైళ్ళు.

“ఒకటి అసలు. ఒకటి నకలు. ఇంకోటి ఆఫీసు కాపీ” అన్నాడు.

ఇంతలో పక్కింటి ఫోనుకు పాల కేంద్రం మేనేజరు ఫోన్ చేసి నన్ను పిలవమన్నాడు. “చేరినాడా మేడమ్ పెద్దాయన? మాకు ఈ పొద్దు ఇద్దరు సెలవు. నాకు వీలయ్యేదాకా మూడు గంటలు నిలబడే ఉన్నాడు. కూసోండి సార్ అంటే కూసోలే. చేతులు రెండూ ఎనక కట్టుకునే నిలబడినాడు, పొరపాటున గూడా మౌసు తగలగూడదని” అన్నాడు. నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేకపోయాను. అరవై ఏళ్ళ మనిషిని, ఒక గది తాళంచెవి అంతకాలం మోసిన మనిషిని, ఊరుగాని ఊళ్ళో అలా నిలబెట్టానే అనిపించింది.

అసలు ఫ్లాపీ మొదటిసారికే ఎక్కింది. కంప్యూటరు ఆపి, మళ్ళీ వేశాను. నల్ల తెర ఒక్క క్షణం ఆగింది, ఏ పేరూ అడగలేదు. విండోస్ మొదట చూపించే ఆకాశం, మబ్బులు, తరవాత నా ఫోల్డర్లు. మొదటి అధ్యాయం తెరిచాను. కరక్కాయ అన్న మాట ఉండాల్సిన చోట కరక్కాయే ఉంది, వంకర పోకుండా, వత్తు తప్పకుండా. మిగతా అధ్యాయాలు కూడా తెరిచాను. అన్నీ తెలుగే. నేను బల్ల మీద తల పెట్టి బాగా ఏడ్చాను. అమ్మ వీపు నిమిరింది. నాయన మాత్రం వెనక నుంచి, “పాపా, ఏడుపు తరవాత. రెండు వందల పదమూడూ వచ్చినాయో లేదో లెక్క సూడు ముందు” అన్నాడు. చూశాను. వచ్చాయి.

ఆరో అధ్యాయం పన్నెండు రోజుల్లో ముగించి, అచ్చు తీయించి, గడువుకు మూడు రోజుల ముందు ఐదు ప్రతులూ ఆఫీసులో ఇచ్చాను. ఇచ్చి ఇంటికొచ్చిన సాయంత్రం నాయన ఆ రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడు. ఎర్ర ఇంకు పెన్నుతో ప్రతి పేరు పక్కనా ‘తిరిగి చేర్చడమైనది’ అని రాస్తున్నాడు, రెండు వందల పదమూడు సార్లు. నేను పక్కన కూర్చుని ఆ పేజీలను మొదటిసారి తీరిగ్గా చూశాను. పలమనేరులో నేను విన్నది పేర్లు, సైజులు మాత్రమే. కుడి వైపు చివర ఇంకో గడి ఉంది. దాని పైన ‘ఎవరి ఉత్తర్వు’ అని రాసుంది. దాని కింద ఏ పేజీలోనూ ఒక్క అక్షరం లేదు.

గడి ఖాళీగా వదిలే మనిషి కాదు ఆయన. “ఇది నింపలేదేం నాయనా?” అన్నాను.

తల ఎత్తకుండానే చెప్పాడు. “ఉత్తర్వు లే పాపా. నోటిమాట ఉత్తర్వు గాదు. రాసి సంతకం పెట్టింటేనే ఉత్తర్వు. అది లేకుండా ఏరినోనిదే తప్పు.”

నోటిమాట అనగానే నాకు గుర్తొచ్చింది. కాళహస్తికి పోయే రోజు పొద్దున కంప్యూటరు స్థలం చాలడం లేదని మాటిమాటికీ చెబుతుంటే విసుగెత్తి, చెప్పులేసుకుంటూ, “ఊరికే కూసోకపోతే దీంట్లో పాతవన్నీ ఏరి తీసేయగూడదా నాయనా” అని అన్నది నేను. నా మనసులో ఉన్నది నేనెప్పుడో రాసి వదిలేసిన ఉత్తరాలు, పాత చిత్తు ప్రతులు. అది ఆయనకు చెప్పలేదు. అనేసి బస్సెక్కాను, మరిచిపోయాను. ఆయన మరిచిపోలేదు. నేను అరిచినప్పుడు అనలేదు, దుకాణం ఆయన నవ్వినప్పుడు అనలేదు, రైతుల ముందు చెవులు ఎర్రబడినప్పుడు అనలేదు. ‘నువ్వే గదా సెప్పినావు’ అన్న ఒక్క మాట ఆయన నోట రాలేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గేసినప్పుడు నాకు చేతనయ్యేది ఒకటే, ఎగతాళి. “సరి సరి, అయితే తప్పు నీదే, రాసుకో” అన్నాను. ఆయన నవ్వి, ఆ గడిలో పై నుంచి కింది దాకా ఒక గీత గీశాడు, పేజీ తరవాత పేజీలో.

ఆ తరవాత ఇరవై ఏళ్ళు నలుగురు చేరిన ప్రతి చోటా ఈ కథ చెప్పాను. బోర్డు సంగతి, దొంగ రికార్డు సంగతి, ఆఫీసు కాపీ సంగతి, అన్నీ చెప్పాను. ఆ గడి సంగతి చెప్పలేదు. ఆయన ప్రతిసారీ అక్కడే కూర్చుని అందరికంటే ముందు నవ్వేవాడు.

మొన్నీమధ్య చిత్తూరులో మా దగ్గరి బంధువుల పెళ్ళికి పోయాము. భోజనాలయ్యాక మళ్ళీ మొదలుపెట్టాను. వింటున్నవాళ్ళలో పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన ఒకరున్నారు, తాసిల్దారుగా రిటైరైన మనిషి. అందరూ నవ్వుతుంటే ఆయన మాత్రం నవ్వు ఆపి, వృత్తి మర్యాదతో నాయన వైపు తిరిగారు.

“అది సరే సార్. ఏరివేతకు ఆర్డరు యెవురిచ్చినారు?”

ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు ఆ ప్రశ్న. నేను నోరు తెరిచేలోపే నాయన అందుకున్నాడు. ఎనభై దాటిన మనిషి, చెవి సరిగ్గా వినపడదు, అది మాత్రం వినపడింది.

“యెవురూ ఇయ్యలే సార్. నాకే తోచింది, చేసినా” అన్నాడు.

అందరూ నవ్వారు. యాభై దాటినదాన్ని, డాక్టరేటు పుచ్చుకున్నదాన్ని, నేను కూడా వాళ్ళతో కలిసి నవ్వాను. నోటిమాట ఎలాగూ చెల్లదన్నాడు కాబట్టి ఇక్కడ రాసి ఇస్తున్నాను. పాతవన్నీ ఏరి తీసేయమని మా నాయనకు చెప్పింది నేనే.